మీకు తెలుసా? దుకాణం హుజూర్‌నగర్‌ది, చట్టం కొనేవాళ్ల ఊరిది

సంక్రాంతికి పది రోజుల ముందు హుజూర్‌నగర్‌లో ఏ కొరియర్ కౌంటర్ దగ్గరికి వెళ్లినా సకినాల డబ్బాలే కనిపిస్తాయి. వాటిలో కొన్ని బిడ్డకో కొడుకుకో పంపేవి. కొన్ని వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని డల్లాస్‌కు, లండన్‌కు, మెల్‌బోర్న్‌కు అమ్మేవి. అట్టపెట్టె ఒకటే, మీద చుట్టిన టేపు ఒకటే, తూకం రాసే మనిషీ ఒక్కడే. కానీ చట్టం దృష్టిలో ఆ రెండూ ఒకటి కావు. ఫోన్‌లో దుకాణం తెరిచి పరాయి దేశంలో ఉన్నవాళ్లకు తొక్కు, చీర, వీడియో, యాప్, ఏది అమ్మినా తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఈసారి చెబుతాను.

సరిహద్దు మనకు కొత్త కాదు

మన పక్కనున్న మునగాల ఒకప్పుడు వేరే దేశం కిందే లెక్క అని మీకు తెలుసా? చుట్టూ నిజాం రాజ్యం ఉంటే, నడుమ మునగాల పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాలో భాగం. నాయని వెంకట రంగారావు అక్కడి జమీందారు, కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దివాను. నిజాం వైపు హాలీ సిక్కా నడిచేది, బ్రిటిష్ వైపు కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే అటూ ఇటూగా ఆరు కల్దార్లు వచ్చేవి. తపాలా బిళ్లలు కూడా వేరు. సరుకు నిజాం రాజ్యంలోకి వస్తే కరోడ్‌గిరీ (సుంకాల శాఖ) వాళ్లకు విలువ మీద నూటికి 5 రూపాయలు సుంకం కట్టాలి. మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో. హాలీ సిక్కా చెలామణి ముగిసింది కూడా ఆ ఏడే.

ఆనాటి వ్యాపారికి ఒక సంగతి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. బండి ఎక్కడ దిగితే అక్కడి నాణెం, అక్కడి సుంకం. నాకాలో మనిషి కూర్చుని ఉండేవాడు కాబట్టి మరిచిపోవడం కుదరదు. ఇప్పటి ఫోన్ తెర మీద నాకా కనిపించదు. ఈ తరం అమ్మకందారులకు ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని నా నమ్మకం.

కనిపించినంత మాత్రాన కేసు కాదు

వెబ్‌సైట్ ప్రపంచమంతా కనిపిస్తుంది. అలాగని ప్రపంచంలోని ప్రతి కోర్టుకూ మనం జవాబు చెప్పాలా? ఈ ప్రశ్న మీద మన దేశంలో ఎక్కువగా ఉదహరించే తీర్పుకు మూలం హైదరాబాద్. సింగపూర్‌కు చెందిన బాన్యన్ ట్రీ అనే హోటళ్లు, స్పాల సంస్థ, తన పేరును పోలిన పేరుతో హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్టు నడుస్తోందని ఢిల్లీ హైకోర్టులో కేసు వేసింది. వాది సింగపూర్, ప్రతివాది హైదరాబాద్, కోర్టు ఢిల్లీ. వెబ్‌సైట్ ఢిల్లీలో కూడా తెరుచుకుంటుంది కదా అన్నది వాది వాదనల్లో ఒకటి.

2009 నవంబర్ 23న ధర్మాసనం తేల్చింది: తెరుచుకుంటే చాలదు. ఆ ప్రాంతం వాళ్లకు అమ్మాలనే ఉద్దేశంతో సైట్ నడిపారని, దాని ద్వారా అక్కడివాళ్లతో లావాదేవీ జరిగిందని వాది చూపించాలి. కేసు వేయడం కోసమే ఒక మనిషి చేత ఒకే ఒక్క ఆర్డర్ పెట్టించి, ఇదిగో రుజువు అంటే సరిపోదని కూడా చెప్పింది. చిన్న వ్యాపారికి ఇది నిజంగా ఊరట.

అంతకు ముందే, 2000 నవంబర్ 20న, పారిస్ కోర్టు యాహూకు ఒక ఆదేశం ఇచ్చింది. నాజీల కాలపు వస్తువుల వేలం పేజీలు ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లకు అందకుండా చూడాలని. కంపెనీ అమెరికాది, సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, ఆ వేలం అమెరికాలో నేరం కాదు. అయినా చూసేవాళ్లు ఉన్న దేశం చట్టమే ముందుకొచ్చింది.

మరి ‘అక్కడివాళ్లకు అమ్మాలనే ఉద్దేశం’ అని ఎలా గుర్తుపడతారు? ఐరోపా న్యాయస్థానం 2010 డిసెంబర్ 7న ఇచ్చిన తీర్పులో కొన్ని ఆనవాళ్లు చెప్పింది. పరాయి దేశపు భాష, పరాయి కరెన్సీలో ధర, పరాయి దేశాల్లోని కస్టమర్ల మాటలు సైట్‌లో పెట్టడం లాంటివి. ఫోన్ నంబరు ముందు దేశం కోడ్ రాయడం కూడా వాటిలో ఒకటి. మన +91 కూడా సాక్ష్యమే అన్నమాట.

జర్మనీలో చదువుకునే మన పిల్లలు

ఐరోపా సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25న అమల్లోకి వచ్చింది. ఇది కాపాడేది ఐరోపా పౌరులనే అని చాలామంది అనుకుంటారు. కాదు, ఐరోపా యూనియన్‌లో ఉన్న మనుషులను కాపాడుతుంది. కోదాడ నుంచి వెళ్లి బెర్లిన్‌లో ఎంఎస్ చదివే అమ్మాయికి ఐరోపాలో ఉన్నవాళ్ల కోసమే నడిపే పేజీ నుంచి తొక్కు అమ్మి, ఆమె పేరు, చిరునామా, ఫోన్ నంబరు దాచుకుంటే ఆ చట్టం వర్తించే అవకాశం ఉంది. తరచూ అమ్మేవాళ్లయితే అక్కడ ఒక ప్రతినిధిని కూడా పెట్టుకోవాల్సి రావచ్చు. గరిష్ఠ జరిమానా 2 కోట్ల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అది. తొక్కు అమ్మేవాళ్ల మీద అంత వేస్తారని నేను భయపెట్టడం లేదు. కస్టమర్ల నంబర్లన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు మాత్రం ఈ రోజే మానాలి.

మన దేశం కూడా అదే బాట పట్టింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఇక్కడి వాళ్లకు సరుకులూ సేవలూ అందించే విదేశీ కంపెనీలకూ వర్తిస్తుంది. గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు.

అమ్మ పంపిన తొక్కు, అమ్మిన తొక్కు

ఈసారి చెప్పేవాటిలో నా మనసుకు దగ్గరైనది ఇదే. అమెరికాకు తినే వస్తువు ఏది పంపినా, అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు ముందుగా సమాచారం ఇవ్వాలి. 2002లో, జీవ ఉగ్రవాదం భయంతో చేసిన చట్టం ఇది. పోస్టులో పంపేటట్టయితే పార్శిల్ వేయకముందే ఆ సమాచారం వెళ్లి, నంబరు తీసుకుని ఉండాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఒక మనిషి తన ఇంట్లో తన చేతులతో చేసి, అమెరికాలో ఉన్న ఇంకో మనిషికి కానుకగా తనే పంపే తిండికి ముందస్తు సమాచారం అక్కర్లేదు.

అంటే తల్లి తన పొయ్యి మీద చేసి బిడ్డకు పంపిన పుంటికూర తొక్కును ఆ చట్టం వేరుగా చూసింది. అదే తొక్కు, అదే గిన్నెలోంచి తీసి, పక్కింటి వాళ్ల కొడుకు స్నేహితుడికి డబ్బులకు పంపితే ఆ మినహాయింపు పోతుంది. రుచి మారలేదు, చెయ్యి మారలేదు, డబ్బు చేతులు మారింది. చట్టం గీత గీసింది అక్కడ.

వ్యాపారం పెరిగి షెడ్డు వేసి, మనుషులను పెట్టి, సీసాల్లో నింపే యూనిట్‌గా మారిందనుకోండి. అప్పుడు ఆ యూనిట్ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు కావాలి. అమెరికాలో ఉండే ఒక ఏజెంటు పేరు ఇవ్వాలి. రెండేళ్లకోసారి, సరి సంఖ్య వచ్చే ఏడాదిలో అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల, నమోదును కొత్తది చేసుకోవాలి. పులుపు కలిపి నిల్వ చేసే పచ్చళ్లయితే ఇంకో మెట్టు ఉంది. ఒక్కో రకం ఎలా తయారు చేస్తున్నారో ఆ పద్ధతి కూడా దాఖలు చేయాలి. అక్కడ వాళ్లు చూసేది ఒక అంకె: పీహెచ్ 4.6. పులుపు చాలక పీహెచ్ అంతకు మించితే, గాలి తగలని సీసాలో బోటులిజం తెచ్చే సూక్ష్మజీవి పెరిగి విషం తయారు చేయగలదు. మన పెద్దవాళ్లు చింతపండు, నిమ్మరసం, ఉప్పు ఎందుకంత ధారాళంగా వేశారో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది.

ఇక్కడి కాగితం కూడా మరవొద్దు. ఇంట్లో వండి అమ్మినా మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాల్సిందే.

నువ్వులూ ఆవాలూ

సకినం మీద నువ్వు గింజ లేకపోతే అది సకినమే కాదు. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. ప్యాకెట్ మీద వాటి పేరు స్పష్టంగా ఉండాలి. పల్లీలు మొదటి నుంచీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆవాలు మాత్రం అమెరికా జాబితాలో లేవు. ఐరోపా యూనియన్, బ్రిటన్ జాబితాల్లోని 14 పదార్థాల్లో ఉన్నాయి, కెనడా జాబితాలోనూ ఉన్నాయి. కాబట్టి డెట్రాయిట్‌కు పంపే ఆవకాయ సీసా మీద ఆవాలను మామూలు దినుసుగా రాస్తే చాలు. నది దాటితే వచ్చే కెనడాలోని విండ్సర్‌కు పంపే సీసా మీద అలర్జీ పదార్థంగా చూపాలి. ఆవపిండి లేని ఆవకాయ మనకు తెలియదు కాబట్టి, అందరికీ ఒకే లేబుల్ వేసి అన్నీ రాసేయడం మేలు. అలర్జీ ఉన్న పసిపిల్లవాడికి ఆ ఒక్క పదం ప్రాణం కాపాడుతుంది.

మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు పల్లీ పొడి, పల్లీ పట్టీ అమ్మేవాళ్లకు ఇంకొక అంకె. పల్లీలు తేమలో నిల్వ ఉంటే పట్టే బూజు విషం అఫ్లటాక్సిన్. నేరుగా తినే పల్లీల్లో అది కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా అంటుంది. అమెరికా 20 వరకు ఊరుకుంటుంది. అమెరికాలో చెల్లిన బస్తా ఐరోపా నుంచి తిరిగి రావచ్చు.

ఎడిసన్‌లో ఒక ధర, డల్లాస్‌లో ఒక ధర

ఒకే పోచంపల్లి చీరను న్యూజెర్సీలోని ఎడిసన్‌కు అమ్మితే అమ్మకపు పన్ను లేదు, టెక్సాస్‌లోని డల్లాస్‌కు అమ్మితే ఉంది. న్యూజెర్సీలో మామూలుగా కట్టుకునే బట్టలకు పన్ను మినహాయింపు. టెక్సాస్‌లో రాష్ట్రం, స్థానిక సంస్థలు కలిపి 8.25 శాతం దాకా ఉంటుంది. అమెరికాలో ఈ పన్ను రాష్ట్రాలది. 2018 జూన్ 21న అక్కడి సుప్రీంకోర్టు ‘వేఫేర్’ కేసులో, రాష్ట్రంలో దుకాణం లేకపోయినా దూరం నుంచి అమ్మేవాళ్ల చేత పన్ను వసూలు చేయించవచ్చని తేల్చింది. చిన్నవాళ్లు హడలిపోవద్దు. టెక్సాస్‌లో ఏడాది అమ్మకం 5 లక్షల డాలర్లు దాటితేనే ఆ బాధ్యత. ఎట్సీ, అమెజాన్ లాంటి అంగళ్ల ద్వారా అమ్మితే పన్ను వాళ్లే వసూలు చేసి కడతారు.

చీర గురించి ఇంకా ఉంది. అమెరికాకు అమ్మే బట్టకు ఏ దారం ఎంత శాతమో, ఏ దేశంలో తయారైందో లేబుల్ ఉండాలి. వెబ్ పేజీలో కూడా దారం వివరం, దిగుమతి సరుకు అనే మాట కనిపించాలి. నేతగాడి కష్టాన్ని పట్టు పేరు చెప్పి పాలియెస్టర్ అమ్మేవాళ్లు దోచుకుంటున్నారు కాబట్టి ఈ నియమం నిజానికి మన మగ్గానికి మేలు చేసేది. పోచంపల్లి ఇక్కత్‌కు మన దేశంలో భౌగోళిక గుర్తింపు దొరికింది 2004-05లో. అయితే ఆ గుర్తింపు మన దేశంలోనే చెల్లుతుంది. పరాయి దేశంలో పోచంపల్లి పేరుతో అచ్చు గుడ్డ అమ్మితే ఆ దేశపు చట్టం కిందే పోరాడాలి.

ఐరోపాకు చీర పంపేవాళ్లకు 2024 డిసెంబర్ 13 పెద్ద మలుపు. ఆ రోజు నుంచి అమలైన సాధారణ ఉత్పత్తుల భద్రతా నియమం ప్రకారం, అమ్మే వస్తువుకు జవాబు చెప్పే మనిషి గానీ సంస్థ గానీ ఐరోపా యూనియన్‌లో ఉండాలి, వాళ్ల పేరు, చిరునామా వస్తువుతో పాటు ఉండాలి. ప్రపంచమంతటా చేతిపని అమ్మే చిన్నవాళ్లు చాలామంది ఆ భారం మోయలేక ఐరోపాకు అమ్మడమే మానేశారు. ఈ నియమం మంచి ఉద్దేశంతోనే వచ్చింది, కానీ ఒక మగ్గం ఇంటినీ ఒక పెద్ద ఫ్యాక్టరీనీ ఒకే గాటన కట్టింది. అది అన్యాయమని నా తీర్పు. అద్దకం వేసేవాళ్లకు కూడా ఒక మాట: చర్మానికి తగిలే బట్టలో కొన్ని అజో రంగుల నుంచి విడుదలయ్యే విష పదార్థాలు కిలోకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. ఏ రంగు కొన్నారో బిల్లు దాచుకోండి.

వెయ్యి డాలర్లలో పదిహేనా, రెండువందల నలభయ్యా?

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మొదలైన మై విలేజ్ షో చూశాక మన వైపు కూడా ఊరూరా యూట్యూబ్ చానళ్లు పుట్టాయి. సామాను అమ్మకపోయినా వీడియో కూడా ఎగుమతే అని మీకు తెలుసా?

2021 జూన్ నుంచి, అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చే ఆదాయం మీద గూగుల్ అక్కడి పన్ను మినహాయిస్తోంది. యూట్యూబ్ తానే ఇచ్చిన ఉదాహరణలో మన దేశం చానల్‌నే తీసుకుంది. నెల ఆదాయం 1,000 డాలర్లు, అందులో అమెరికా ప్రేక్షకుల వాటా 100 డాలర్లు. పన్ను వివరాలు నింపి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద రాయితీ అడిగితే 15 డాలర్లు పోతాయి. ఫారం నింపకుండా వదిలేస్తే మొత్తం ఆదాయం మీద 24 శాతం, అంటే 240 డాలర్ల దాకా పోవచ్చు. పాన్ నంబరు చేతిలో ఉంటే ఆ ఫారం నింపడం పెద్ద పని కాదు. అక్కడ కట్టిన పన్నును ఇక్కడి ఆదాయపు పన్నులో తగ్గించుకునే వీలు కూడా ఉంది, రిటర్న్‌తో పాటు దానికి వేరే ఫారం ఉంటుంది. మన కుర్రవాళ్లు కెమెరా, మైకు, ఎడిటింగ్ అన్నీ నేర్చుకుని ఈ ఒక్క పేజీ దగ్గర డబ్బు పోగొట్టుకుంటుంటే బాధగా ఉంటుంది.

పిల్లల పాటల చానల్ నడిపేవాళ్లకు ఇంకో నియమం. 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించరాదని అమెరికా 1998లోనే చట్టం చేసింది. ఆ చట్టం కింద 2019 సెప్టెంబర్‌లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఫలితంగా 2020 జనవరి నుంచి ప్రపంచంలో ఎవరైనా సరే, చందమామ పాట పెట్టినా, అది పిల్లల కోసం చేసిందో కాదో గుర్తు పెట్టాలి. పిల్లల కోసమని పెడితే చూసేవాళ్లను బట్టి వేసే ప్రకటనలు రావు, వ్యాఖ్యలు మూతపడతాయి. ఆదాయం తగ్గుతుంది. అయినా ఆ గుర్తు అబద్ధంగా పెట్టకండి. మన దేశపు 2023 సమాచార రక్షణ చట్టంలో పిల్లలంటే 18 ఏళ్ల లోపు వాళ్లందరూ.

మనమే పరాయి మార్కెట్ అయిన రోజు

2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. ఆ తర్వాత రమ్మీ యాప్‌ల నిబంధనల్లో ‘తెలంగాణ వాసులు ఆడరాదు’ అనే వాక్యం చేరింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా నిషేధించే దాకా, కోదాడ దాటి జగ్గయ్యపేటలో ఆట తెరుచుకునేది, ఇవతలి ఒడ్డున తెరుచుకోకూడదు. ఒకే యాప్ రెండు చట్టాలను పాటించగలదని మన కళ్ల ముందే తేలింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంతో డబ్బు ఆటల నిషేధం దేశమంతటికీ పాకింది.

మన చట్టం కూడా చట్టమే

2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. ఆ వారం అమెరికాలో తెలుగువాళ్లు సోనామసూరి బస్తాల కోసం అంగళ్ల ముందు వరుస కట్టారు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన సన్నాలు మన మిల్లుల్లోనే ఉన్నా గడప దాటడానికి దారి లేదు. నిషేధం తీసింది 2024 సెప్టెంబర్ 28న. అమెరికా చట్టంలో తప్పు కాని ఆ ఆర్డర్, ఆ పద్నాలుగు నెలలు మన చట్టంలో తప్పు.

వస్తువు ఎగుమతికి కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబరు ఉండాలి. రుసుము 500 రూపాయలు, ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి మళ్లీ ధ్రువీకరించకపోతే ఆ నంబరు నిద్రపోతుంది. పెద్ద పోస్టాఫీసుల్లో పెట్టిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఎగుమతి బిల్లు కాగితం పనిలో సాయం చేస్తాయి. అయితే పోస్టు కూడా ఆగగలదు. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసినప్పుడు, సుంకం ఎవరు ఎలా వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే ఎక్కువ రకాల పార్శిళ్లు తీసుకోవడం ఆపింది. అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. బతుకమ్మ, దసరా చీరల ఆర్డర్లన్నీ సరిగ్గా ఆ నడుమ పడ్డాయి.

ఆ సుంకం తప్పించుకోవడానికి అమ్మిన సరుకు మీద ‘కానుక’ అని రాయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి కౌంటర్ దగ్గరా ఉంటారు. వినకండి. అలాంటి పార్శిళ్లు ఎక్కువైన కొద్దీ అధికారులు ప్రతి డబ్బానూ అనుమానంతో విప్పుతారు, అందులో నిజంగా తల్లి పంపిన డబ్బా కూడా ఉంటుంది.

మీ పేజీలో ‘ప్రపంచమంతా పంపుతాం’ అనే మాట ఉంటే ఈ వారమే తీసేయండి. ఏ దేశాల నియమాలు చదివారో ఆ దేశాల పేర్లు రాయండి, ఒకటైనా సరే, రెండైనా సరే.